బోల్కే వెనకాల ‘అని’

మనుషుల మాటలు రికార్డు చేసుకొచ్చి, తీరిగ్గా వింటూ కాగితం మీద పెట్టడం నా పని. కొత్త పదం వినబడితే చెవి దానంతటదే నిక్కబొడుచుకుంటుంది. వాక్యం నడక మాత్రం పట్టుబడదు. పైగా రాసేటప్పుడు చెయ్యి ఊరుకోదు, దిద్దేస్తుంది.

షామీర్‌పేట పెద్దచెరువు దగ్గర చాయ్ హోటల్లో ఒక మెకానిక్ తన దోస్తును ఇక్కడి ఉర్దూలో తిట్టుకుంటున్నాడు: ‘మై ఆతూఁ బోల్కే బోలా, ఆయాయిచ్ నై.’ పక్కనున్న పెద్దాయన అందుకున్నాడు: ‘నాకు గూడ వస్త అని చెప్పిండు.’ రెంటినీ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. ఆతూఁ కింద వస్త, బోల్కే కింద అని, బోలా కింద చెప్పిండు. ఢిల్లీ ఉర్దూలో అయితే ‘ఉస్‌నే కహా కి మైఁ ఆవూఁగా’. అక్కడ ‘చెప్పాడు’ ముందొస్తుంది, చెప్పిన మాట తర్వాత. మన దగ్గర మాట ముందు, ‘చెప్పిండు’ చివర. ‘కైకు బోలేతో’ కూడా అంతే, అచ్చం మన ‘ఎందుకంటే’. ఉర్దూ వ్యాకరణం పట్టుబట్టే ఆ ‘నే’ కూడా ఇక్కడ ఎగిరిపోయి ‘మై రోటీ ఖాయా’ అయింది.

ఈ ఘనతంతా తెలుగుదే అనలేం. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీ సైన్యాల వెంట, 1327లో తుగ్లక్ దౌలతాబాద్‌ను రాజధాని చేసినప్పుడు వచ్చినవాళ్ల వెంట దక్కనుకు దిగిన భాష ఇక్కడి ఉర్దూ. మరాఠీలో ‘మ్హణూన్’, కన్నడలో ‘ఎందు’, తెలుగులో ‘అని’ ఈ ‘బోల్కే’ పనే చేస్తాయి. ‘ఆయాయిచ్’లోని ఆ ‘ఇచ్’ అయితే మరాఠీ సొత్తు. ఈ మూడు భాషల వాళ్ల నోళ్లలో నాని అది దక్ఖనీ అయింది.

మరి ఉర్దూ మనకేమిచ్చింది? తహసీల్ ఆఫీసు మెట్లెక్కితే చాలు: దరఖాస్తు, దస్తావేజు, పట్టా. అన్నీ పదాలే. వాటిని పేర్చే పద్ధతి మాత్రం తెలుగుదే. సొంత భాషలోనే ఉండి పాలకుల దగ్గర అప్పు తెచ్చుకునేవాడు పదాలు తెచ్చుకుంటాడు. పరభాషలోకి తానే దిగినవాడు పదాలన్నీ దండిగా నేర్చుకుని, పేర్పు మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్తాడు.

ఇంగ్లీషు గురించి నడుస్తున్న పెద్ద తగాదా కూడా ఇదే. ఐదో శతాబ్దంలో ఆంగ్లో-శాక్సన్లు బ్రిటన్‌లో దిగేనాటికి అక్కడివాళ్లు కెల్టిక్ భాషలు మాట్లాడేవారు. థేమ్స్, ఏవన్ లాంటి నదుల పేర్లు తీసేస్తే ఇంగ్లీషులో వాళ్ల పదాలు బహు కొద్ది. అందుకని వాళ్ల ప్రభావమే లేదని పండితులు చాలాకాలం కొట్టిపారేశారు. అయితే ‘డూ యూ నో’లో ఆ ‘డూ’ ఎక్కడిది? ప్రామాణిక జర్మన్‌లో ప్రశ్న అడగడానికి అలాంటి ఊతం అక్కర్లేదు. వెల్ష్, కోర్నిష్ భాషల్లో ‘చేయు’ క్రియను ఇంకో క్రియకు తోడు పెట్టే అలవాటుంది. అమెరికన్ భాషావేత్త జాన్ మెక్‌వోర్టర్ 2008లో వచ్చిన పుస్తకంలో ఆ ‘డూ’ అక్కడినుంచే వచ్చిందని వాదించాడు. ఒప్పుకోనివాళ్లూ గట్టిగానే ఉన్నారు. ప్రభావమే నిజమైతే అది రాతల్లో అన్ని శతాబ్దాలు ఆలస్యంగా ఎందుకు కనిపించిందని వాళ్ల ప్రశ్న. మెక్‌వోర్టర్ జవాబు నాకు నచ్చింది: రాసేవాళ్లు పెద్దల భాషనే రాశారు, వీధిలో మాట్లాడేది కాగితం ఎక్కలేదు.

అంటే ఆ తగాదా తెగకపోవడానికి ఒక కారణం నాలాంటి రాతగాళ్లే. మెకానిక్ మాటను ‘శుద్ధం’ చేసి ‘కి’ పెట్టానంటే పోయేది యాస ఒక్కటే కాదు, ఈ గడ్డ మీద ఎవరు ఎవరితో కలిసి బతికారో చెప్పే సాక్ష్యం. మేడ్చల్ పారిశ్రామిక వాడల్లోకి ఇప్పుడు బిహార్, ఒడిశా పిల్లలు వస్తున్నారు. వాళ్ల హిందీలోకి ‘బోల్కే’ దిగుతోందేమో వినాలి. విన్నది విన్నట్టే రాయాలి.