పది మైళ్ల పట్టాలు

కోలారు బంగారు గనుల మీద రాసేవారు సాధారణంగా షాఫ్టు దగ్గర మొదలుపెడతారు. లావెల్ దొర, జాన్ టేలర్ కంపెనీ, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన చాంపియన్ రీఫ్, 1902లో శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటు. అవన్నీ చెప్పుకోదగ్గవే. ఈ పుస్తకం రాసిన మన అబ్బాయి మాత్రం ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాడు. నాకు అదే నచ్చింది.

మద్రాసు రైలు 1864లోనే బెంగళూరు చేరింది. గనుల సామాను మాత్రం చాలా ఏళ్లు బౌరింగుపేటలో దిగి ఎద్దుబండ్లెక్కేది. నేటి బంగారుపేట అదే. 1894లో అక్కణ్ణించి మారికుప్పానికి పది మైళ్ల శాఖ పడింది. కోరమాండల్, ఊరుగాం, చాంపియన్, మారికుప్పం అంటూ స్టేషన్లు వెలిశాయి. వాటి చుట్టూ గ్యాంగ్‌మన్లు, గేటుమన్లు, పాయింట్స్‌మన్ల కుటుంబాలు చేరాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడుతూ పిల్లలు పెరిగారు. బండి వేళను బట్టి పొయ్యి వెలిగించిన ఆ ఆడవాళ్ల మాటల్ని ఇతడు వాళ్ల యాసలోనే ఉంచాడు, దిద్దలేదు. శభాష్ అనాలి.

మరొక సంగతి. మనవాళ్ల గొప్ప చెప్పుకోవడానికి రాసిన పుస్తకం కాదిది. భూమి లోపల ప్రాణాలొడ్డినవారిలో అధికులు ఉత్తర ఆర్కాడు నుంచి వచ్చిన తమిళ దళితులేనని దాపరికం లేకుండా రాశాడు. తెలుగు పుస్తకంలో ఆ మాట ఉండి తీరాలి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బండి ఆగలేదు. తెల్లవారకముందే మారికుప్పంలో జనం ఎక్కి బెంగళూరు పనులకు పోతున్నారు, రాత్రికి తిరిగొస్తున్నారు. కూలికోసం మనుషుల్ని ఇక్కడికి చేర్చిన దారే ఇప్పుడు కూలికోసం బయటికి తీసుకుపోతోంది. ఆ రోజువారీ ప్రయాణికుల అధ్యాయాన్ని నేను రెండుసార్లు చదివాను. నిద్ర చాలని ఆ ముఖాలను జాలితో కాదు, గౌరవంతో రాశాడు.

ఒక్క కొరత చెప్పక తప్పదు. 1913లో బౌరింగుపేట నుంచి కోలారుకు వేసిన రెండున్నర అడుగుల చిన్నబండి లైనుకు నాలుగు పేజీలే ఇచ్చాడు. ఆ పట్టాలు పోయి బ్రాడ్‌గేజ్ వచ్చేసింది. ఆ చిన్నబండి మీద పనిచేసినవారు ఇంకా కొందరున్నారు, పెద్దవయసు వాళ్లు. నాయనా, రెండో కూర్పు దాకా ఆగకుండా ఈ వేసవిలోనే వెళ్లి వాళ్ల దగ్గర కూర్చో.