చెప్పకుండా వదిలేసిన అధ్యాయం

అమెరికా నల్లజాతి విప్లవకారిణి అస్సాటా షకూర్ ఆత్మకథలో చివరికొచ్చేసరికి ఒక పెద్ద గండి కనిపిస్తుంది. అక్కడ ఆమె న్యూజెర్సీ జైల్లో యావజ్జీవ ఖైదీ. చూడ్డానికి తీసుకొచ్చిన నాలుగేళ్ల కూతురు, నువ్వు మా అమ్మవి కావు పొమ్మని చిన్న పిడికిళ్లతో గుద్దుతుంది. అమ్మ కావాలనే ఇంటికి రావడం లేదని దాని కోపం. అయితే ఆ తలుపు నువ్వే తెరిచి చూడమంటుంది తల్లి. పిల్ల తోస్తుంది, లాగుతుంది, తన్నుతుంది. తలుపు తెరుచుకోదు. అప్పటికి గానీ ఆ పసిదానికి సంగతి అర్థం కాదు. ఇక ఇక్కడ ఉండకూడదని తల్లి ఆ రోజే అనుకుంటుంది. ఆ తర్వాత అమ్మమ్మ వచ్చి, నువ్వు త్వరలో ఇంటికొస్తావని కల వచ్చిందే అని చెప్పి వెళ్తుంది. నాలుగు పేజీలు తిప్పితే క్యూబా.

మధ్యలో ఏం జరిగిందో లోకమంతటికీ తెలుసు. 1979 నవంబరు 2న ములాఖత్ పేరుతో లోపలికొచ్చిన ముగ్గురు పిస్తోళ్లు తీశారు, కాపలావాళ్లను బందీలుగా పట్టుకుని ఆమెను వ్యానులో బయటికి తీసుకుపోయారు. ఎవరికీ ప్రాణహాని జరగలేదు. ఆ తర్వాత అయిదేళ్ల అజ్ఞాతవాసం, 1984లో క్యూబాలో ఆశ్రయం. ఏ ప్రచురణకర్తయినా ముందు అడిగేది ఈ భాగమే. సినిమావాళ్లకైతే మిగతా కథతో పనే లేదు. పుస్తకంలో మాత్రం దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

ఎందుకు ఉండదో తేదీలు చూస్తే తెలుస్తుంది. పుస్తకం 1987లో వచ్చింది. జైలు నుంచి ఆమెను తప్పించినందుకు ముతులు షకూర్, మారిలిన్ బక్‌ల మీద అప్పటికి కేసు నడుస్తోంది. 1988లో ఇద్దరికీ శిక్ష పడింది. ముతులు అంటే మన కుర్రాళ్లు టీషర్ట్‌ల మీద వేసుకు తిరిగే ర్యాపర్ టూపాక్‌కి సవతి తండ్రి. వ్యాను రంగు ఏమిటో, ఆ రాత్రి తనకు అన్నం పెట్టిన ఇల్లు ఏ వీధిలో ఉందో అస్సాటా రాసి ఉంటే, ఆ పేరా సాహిత్య విమర్శకుడి కంటే ముందు ప్రాసిక్యూటర్ బల్ల మీదికి చేరేది.

నా దగ్గరికి ఆత్మకథల రాతప్రతులు తరచూ వస్తుంటాయి. రిటైరైన మాస్టార్లు, యూనియన్ నాయకులు, ఒకప్పుడు పార్టీల్లో తిరిగి ఇప్పుడు మనవల్ని ఆడిస్తున్నవాళ్లు తెచ్చిస్తారు. దిద్దిపెట్టమంటారు. ఏళ్ల తరబడి చూశాక నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. మనవాళ్ల స్వీయచరిత్రల్లో ఇతరుల తప్పులు పేర్లతో, ఊళ్లతో, తిథి వార నక్షత్రాలతో సహా ఉంటాయి. రాసినాయన తప్పులు మాత్రం 'పరిస్థితుల ప్రభావం' ఖాతాలోకి పోతాయి. చనిపోయిన తోడల్లుడిని కూడా వదలరు. అస్సాటా ఈ పద్ధతిని తిరగేసింది. బయటపెడితే ఇంకొకరికి చేటు తెచ్చేది ఏదైనా సరే, దాని గురించి నోరు కట్టేసుకుంది. తనకు అప్రతిష్ఠ తెచ్చేదాన్ని మాత్రం దాచలేదు.

ఒక్క సంగతి చెబుతాను. బడి వయసులో ఒక అబ్బాయి ఆమెను ఇష్టపడతాడు. మంచివాడు, మర్యాదస్తుడు. వాడి రంగు బాగా నలుపని తోటిపిల్లలు ఈమెను ఆట పట్టిస్తారు. వాడు మళ్లీ మళ్లీ అడిగేసరికి, నువ్వు నల్లగా అందవిహీనంగా ఉన్నావు గనకే వద్దంటున్నానని ఈమె వాడి మొహం మీదే అనేస్తుంది. అన్నది నల్లపిల్ల, పడింది నల్లపిల్లాడు. ఆ మాట విన్నప్పుడు వాడి మొహం ఎలా మారిందో అస్సాటా రాసింది గానీ తనకు క్షమాపణ దొరికినట్టు రాయలేదు. నల్లవాళ్ల విముక్తి కోసం ఆయుధం పట్టిన సంస్థలో పనిచేసిన మనిషి తన చరిత్రలో ఈ ముక్క పెట్టుకోనక్కర్లేదు. తీసేసినా ఎవరూ పట్టుకోలేరు. ఇలాంటి రాతప్రతి నా చేతికొస్తే ఆ పేజీ అంచున ఎర్ర సిరా పడనివ్వను.

ఆమె చిన్నతనమంతా న్యూయార్క్‌కూ నార్త్ కరోలినా విల్మింగ్టన్‌కూ మధ్య గడిచింది. అక్కడ అమ్మమ్మ, తాతయ్య సముద్రపొడ్డున నల్లవాళ్ల కోసం ఒక చిన్న తిండి దుకాణం నడిపేవాళ్లు. తెల్లవాళ్ల ముందు తల దించొద్దు, 'చిత్తం అమ్మగారూ' అనొద్దు అని నేర్పారు. అదే అమ్మమ్మ, డాక్టర్ల పిల్లలతో ఆడుకో, సందుల్లో తిరిగే అలగా పిల్లల్ని ఇంటికి తేకు అని కూడా అనేది. మన అగ్రహారాల్లోనో ఆఫీసర్ల కాలనీల్లోనో పెరిగినవాళ్లకు ఆ గొంతు కొత్తది కాదు. మనవరాలు సరిగ్గా ఆ సందుల పిల్లల్నే వెంటబెట్టుకొచ్చేది.

ఆ ఊళ్లోనే తెల్లవాళ్లకు మాత్రమే ప్రవేశమున్న రంగులరాట్నాల పార్కు ఒకటి ఉండేది. దాని ముందు నుంచి కారు వెళ్లినప్పుడల్లా పిల్లలు గోల పెట్టేవాళ్లు. ఒకసారి న్యూయార్క్ నుంచి వచ్చిన తల్లి, మీరెవరూ నోరు విప్పొద్దని చెప్పి సరాసరి టికెట్ల దగ్గరికి వెళ్లి స్పానిష్‌లో దంచింది. ఆవిడ బడిపంతులమ్మ, ఆ భాష వచ్చు. టికెట్లమ్మే మనిషికి కాళ్లూ చేతులూ ఆడలేదు. మేనేజరొచ్చాడు. చివరికి లోపలికి పంపించారు. పిల్లలు అన్నీ ఎక్కేశారు. ఆ గడ్డ మీదే పుట్టిన నల్లవాళ్లకు లేని ప్రవేశం, ఎక్కణ్నుంచి వచ్చారో తెలియని నల్లవాళ్లకు దొరికింది. జాతి విభజన చట్టాల మీద నేను చదివిన వ్యాసాలన్నీ కలిపినా ఈ ఒకటిన్నర పేజీకి సరితూగవు. పైగా ఇందులో ఆమె ఎక్కడా గొంతు పెంచలేదు. నల్లజాతి బానిసల కథ 'ఏడు తరాలు' చదివి కన్నీళ్లు పెట్టుకున్న మన పాఠకులకు ఇది వేరే రకం అనుభవం. ఇక్కడ నవ్వొస్తుంది, నవ్వినందుకు ఒళ్లు మండుతుంది.

అయితే ఈ పుస్తకంలో అన్ని మౌనాలూ ఒకే కోవకు చెందినవి కావు. 1973 మే 2న న్యూజెర్సీ టర్న్‌పైక్ రహదారి మీద పోలీసులు ఆమె వెళ్తున్న కారు ఆపారు. కాల్పుల్లో ఆమె సహచరుడు జాయ్ద్ షకూర్, పోలీసు వెర్నర్ ఫోర్‌స్టర్ చనిపోయారు. ఆమెకూ తూటాలు తగిలాయి. తాను కాల్చలేదని ఆమె చివరిదాకా అన్నది. ఆమెదే నేరమని 1977లో జ్యూరీ తేల్చింది. అంతకుముందు మోపిన బ్యాంకు దోపిడీల్లాంటి కేసులు ఒక్కటీ నిలవలేదు. పుస్తకం కాల్పులు ముగిశాక మొదలవుతుంది. నెత్తురోడుతూ పడి ఉన్న మనిషి, చుట్టూ లైట్లు, సైరన్లు. రచనగా చూస్తే గొప్ప ఎత్తుగడ. కానీ ఫోర్‌స్టర్‌కు భార్య, చిన్న కొడుకు ఉన్నారు. ఆ ఇంటి వైపు ఈ పుస్తకం కన్నెత్తి చూడదు. జైలు నుంచి తప్పించినవాళ్ల గురించి నోరు విప్పకపోవడం ఒకటి, ఇది ఇంకొకటి. రెంటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోవడం నా వల్ల కాదు.

మూడో మౌనం క్యూబాది. ఆశ్రయమిచ్చిన ఇంటి గురించి రాసిన పేజీల్లో ఆమె ప్రశ్నలు అడుగుతుంది గానీ జవాబులతో పోట్లాడదు. తెల్ల కోర్టుల్ని చీల్చి చెండాడిన ఆ కన్ను ఇక్కడికొచ్చేసరికి మెత్తబడుతుంది. అన్నం పెట్టినవాడి వంటకు వంక పెట్టలేం గదా. ఆమెకంటే ముందు, 1961లో, నార్త్ కరోలినా నుంచే పారిపోయి క్యూబా చేరిన రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి నాయకుడు హవానా నుంచి అమెరికా దక్షిణాది నల్లవాళ్లకు రేడియో కార్యక్రమం నడిపాడు. అక్కడి అధికారులతో ఆయనకు చెడింది. కానీ ఆ విమర్శ బాహాటంగా పెట్టింది 1965లో చైనా వెళ్లిపోయాకే. ఇంకో ఆశ్రయం దొరికితే గానీ మొదటి ఆశ్రయం గురించి నోరు లేవదు. అస్సాటాకు ఇంకో ఆశ్రయం లేదు. 1998లో పోప్ క్యూబా వస్తున్నప్పుడు, ఆమెను వెనక్కి పంపేలా చూడమని న్యూజెర్సీ పోలీసులు పోప్‌కే ఉత్తరం రాశారు. ఆమె కూడా పోప్‌కు బహిరంగ లేఖ రాసింది. 2013లో ఎఫ్‌బీఐ ఆమెను 'మోస్ట్ వాంటెడ్' టెర్రరిస్టుల జాబితాలోకి ఎక్కించింది, ఆ జాబితాలోకెక్కిన మొదటి మహిళ ఆమే. తల మీది వెల 20 లక్షల డాలర్లకు చేరింది. అలా బతికే మనిషి ఆతిథ్యాన్ని తూకం వేస్తుందని ఆశించడం మన అత్యాశే అయినా, ఆ పేజీలు పలుచనన్న మాట నేను వెనక్కి తీసుకోను.

మారిలిన్ బక్ 2010లో, ముతులు 2023లో పోయారు. అస్సాటా 2025 సెప్టెంబరు 25న హవానాలో, 78 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

కొత్తగా చదవబోయేవాళ్లు మొదటి అధ్యాయం అయ్యాక నేరుగా విల్మింగ్టన్ అధ్యాయాలకు దూకినా నష్టం లేదు. ఎలాగూ ఆమె కూడా ఒకసారి చిన్నతనం, ఒకసారి కోర్టు అంటూ అల్లుకుంటూ పోయింది. మధ్యమధ్య వచ్చే కవితలు ఆమె వచనమంత బలమైనవి కావని నా లెక్క. కోర్టు భాగాలు తికమకగా తోస్తే పక్కన ఎవిలిన్ విలియమ్స్ 1993లో తెచ్చిన 'ఇనడ్మిసిబుల్ ఎవిడెన్స్' పెట్టుకోండి. ఆవిడ అస్సాటా తల్లికి తోబుట్టువు, ఆమె కేసులు వాదించిన లాయరు కూడా. ఏ రోజు ఏ పిటిషన్ వేసిందీ, జడ్జి ఏమని కొట్టేసిందీ పూసగుచ్చినట్టు చెబుతుంది.