చుక్కలకూ పెళ్లికీ ఒకే కెమెరా

ఆకాశాన్ని తీయాలి, ఇంట్లో పెళ్లికీ పనికిరావాలి, ఏ కెమెరా కొనమంటారు అని అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఎరుపు గురించి.

నెబ్యులాల్లోని హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ముదురు ఎరుపులో వెలుగుతుంది. మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టర్, ఒంటిరంగు సహజంగా రావడం కోసం, పరారుణంతో పాటు ఆ ఎరుపులో చాలా భాగాన్నీ ఆపేస్తుంది. అందుకే కానన్ 2005లో 20డీఏ, 2012లో 60డీఏ, నికాన్ 2015లో డీ810ఏ అంటూ చుక్కల కోసమే కెమెరాలు తెచ్చాయి. ఉన్న కెమెరాకే ఫిల్టర్ మార్పించుకునేవాళ్లూ ఉన్నారు. అలా మార్పించిన దానితో పగలు ఫొటో తీస్తే పెళ్లికూతురి చీరేమో గానీ మొహం ఎర్రబడుతుంది. వైట్ బ్యాలెన్స్‌తో సరిదిద్దుకోవచ్చంటారు. నిజమే. పందిట్లో సీరియల్ బల్బులు, వీడియోవాళ్ల లైట్ల మధ్య తలంబ్రాల వేళ ఆ పని ఎవరు పెట్టుకుంటారు?

నా ఓటు మామూలు కెమెరాకే. కాలిఫోర్నియా నెబ్యులా, బర్నార్డ్స్ లూప్ లాంటివి దానిలో వెలవెలబోతాయి, ఒప్పుకుంటాను. ఓరియన్ నెబ్యులా మాత్రం చక్కగా వస్తుంది. అందులో ఆక్సిజన్ ఇచ్చే నీలి ఆకుపచ్చ వెలుగును ఈ ఫిల్టర్ అడ్డుకోదు. కృత్తికల చుట్టూ ఉన్న ధూళి ఎలాగూ నీలమే. పాలపుంత సరేసరి.

మిగిలిన డబ్బు లెన్స్‌కు పెట్టండి. కెమెరాతో వచ్చే జూమ్ 50 మిల్లీమీటర్ల దగ్గర సాధారణంగా ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ దానికి దాదాపు పదింతల వెలుతురు పట్టుకుంటుంది, పెళ్లిలో మొహాలకూ అదే మేలు. చుక్కలు గీతలుగా సాగకుండా ఎన్ని సెకన్లు తెరిచి ఉంచాలో తేల్చడానికి 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించమంటారు. ఫుల్ ఫ్రేమ్‌కు 10 సెకన్లు, ఏపీఎస్-సీకి ఆరేడు. ఇప్పటి సెన్సర్లకు అదీ ఎక్కువే, నేనైతే ఐదు దగ్గరే ఆపేస్తాను.

చీకట్లో ఆటోఫోకస్‌ను నమ్ముకోలేం. లైవ్ వ్యూలో లుబ్ధకాన్ని పదింతలు పెద్దది చేసి రింగు తిప్పుతూ పోతే, లడ్డూ అంత వెలుగు ఆవగింజంత అవుతుంది. మళ్లీ ఉబ్బడం మొదలైందా, వెనక్కి తిప్పాలి. కుదిరాక రింగు కదలకుండా టేప్ అంటించేయడమే.

కొట్లో మెగాపిక్సెళ్ల సంగతి తర్వాత, స్క్రీన్ బయటికి తిరుగుతుందో లేదో చూడండి. శీతాకాలంలో కృత్తికలు మనకు దాదాపు నడినెత్తికి వస్తాయి. తిరగని స్క్రీన్ అయితే ట్రైపాడ్ కింద వెల్లకిలా పడుకుని చూడాల్సిందే.