జాకెట్టు లోపల వదిలే గుడ్డ

జాకెట్టు కుట్టడం వస్తే ఇక ఏదైనా కుట్టేయొచ్చని కుట్టు నేర్పేవాళ్లు అంటారు. నిజమే. దిండు గలీబుకు, లంగాకు తిన్నగా కుట్టు వేయడం వస్తే చాలు. జాకెట్టు అలా కాదు. మెడ వంపు, చంక, చేతులు, టక్కులు, హుక్కుల పట్టీ అన్నీ కుదరాలి. ఒంటికి అతికినట్టుండాలి, చెయ్యెత్తితే పట్టేయకూడదు.

అసలు పని కత్తెర పట్టకముందే మొదలవుతుంది. నూలు లైనింగ్‌ను నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసుకోవాలి. లేకపోతే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. తర్వాత పోగు చూసుకోవాలి. పడుగు వెంట లాగితే గుడ్డ పెద్దగా సాగదు, ఏటవాలుగా లాగితే సాగుతుంది. మెడకు వేసే పైపింగ్‌ను క్రాసుగా కత్తిరించేది అందుకే. అది వంపు తిరిగినచోట ముడత లేకుండా కూర్చుంటుంది.

కొత్తవాళ్లు తడబడేది చంక దగ్గర. ముందు చంకను వెనకదానికంటే కాస్త లోతుగా తీయాలి. చేతికీ ముందూ వెనకా ఉంటాయి. మంచివైపులు ఎదురెదురుగా పెట్టి రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తే కుడి ఎడమలు తప్పవు.

ఇంత పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది బయటికి కనిపించదు. వదులుతో కలిపి ఛాతీ 36 అంగుళాలైతే నాలుగో వంతు 9. మంచి టైలరు 9 దగ్గర గీత గీసి, పక్కన మరో ఒకటిన్నర అంగుళం వదిలి కత్తిరిస్తుంది. పక్కల్లో ఒక్క కుట్టుతో సరిపెట్టదు, రెండు మూడు వరసలు వేస్తుంది. బిగుతైనప్పుడు లోపలి వరస విప్పితే చాలు. ముందూ వెనకా కలిపి పక్క అంచులు నాలుగు. ఒక్కో అంచు దగ్గర అర అంగుళం వదులు చేస్తే చుట్టుకొలత 2 అంగుళాలు పెరుగుతుంది. జాకెట్టు చేతుల కుట్టులోనూ అంతే గుడ్డ ఉండాలి. లేదంటే పక్కలు విప్పినా చంక పట్టేస్తుంది.

విప్పడానికీ పద్ధతుంది. మిషను కుట్టులో పైదారం, బాబిన్ దారం గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒకవైపు నాలుగైదు కుట్లకొకటి తెంపి, రెండోవైపు దారం లాగితే గుడ్డ చిరగకుండా కుట్టు ఊడివస్తుంది.

పెళ్లినాటి పట్టు జాకెట్టు బిడ్డ పుట్టాక కూడా తొడుక్కోగలిగితే అది ఆ రోజు లోపల వదిలిన గుడ్డ చలవే. ఖర్చు తగ్గించాలని అంచుదాకా కత్తిరించి కుట్టిన రెడీమేడ్‌లో ఆ వీలు ఉండదు. ఒళ్లు మారుతుందని ముందే ఎంచి, దానికి చోటు పెట్టి కుట్టడమే ఈ విద్యలోని గొప్పదనం. నేర్చుకునే ప్రతి అమ్మాయికీ, అబ్బాయికీ మెడ డిజైన్ల కంటే ముందు నేర్పాల్సింది ఇదే.