పీపీఎం లెక్క, నాలుక లెక్క

ఆక్టోమోర్ సీసా చేతికి తీసుకుంటే ముందు కంటబడేది ఒక అంకె. స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో బ్రూక్‌లాడీ డిస్టిలరీ తీసే పరిమిత విస్కీ సరుకు అది. 1881లో మొదలై, 1994లో మూతపడి, 2001లో మళ్లీ తెరుచుకున్న బట్టీ. 2008 నుంచి ఆక్టోమోర్‌ను విడతలు విడతలుగా వదులుతున్నారు. 2017లో వచ్చిన 8.3 విడత మీద రాసిన అంకె 309.1 పీపీఎం. పొగకు పేరుపడ్డ ఆర్డ్‌బెగ్‌కే 55 దగ్గర ఉంటుంది. పీట్ అనే బురదమట్టిని ఎండబెట్టి కాల్చి, ఆ పొగను మొలకెత్తిన బార్లీకి పట్టించినప్పుడు అందులో చేరే ఫినాళ్లు అనే రసాయనాల కొలత ఇది.

హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీల మధ్య ఉన్న పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం మనుషులకు ఇలాంటి కొలతలు కొత్త కాదు. వాగులోకి వదిలే నీళ్లలో ఫినాళ్లు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన నిబంధన. అంటే సుమారు ఒక పీపీఎం. ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించాక, అంకె పెద్దదైతే గొప్ప అనుకునే అలవాటు ఈ ప్రాంతానికి అసలే లేదు. 309 అని గొప్పగా రాసుకున్న సీసాను చూస్తే ఇక్కడివాడి చెయ్యి ముందు ముక్కు మీదికి పోతుంది.

అయితే ఆ అంకె బార్లీది, మందుది కాదు. నానబెట్టి, పులియబెట్టి, బట్టీలో రెండుసార్లు కాచేసరికి ఫినాళ్లలో చాలా భాగం పోతుంది. గ్లాసులోకి వచ్చేది ఎంతో సీసా చెప్పదు. ఇది నాకు కొంచెం గారడీగానే కనిపిస్తుంది.

దీనికి జోడీగా బెంగళూరు అమృత్ వారి ఫ్యూజన్‌ను పెట్టాను. 1948 నాటి కంపెనీ అది. 2004లో తన సింగిల్ మాల్ట్‌ను మొదట గ్లాస్గోలో అమ్మకానికి పెట్టింది. తాడిని తన్నేవాడి తల తన్నడమంటే అదే. 2009లో వచ్చిన ఫ్యూజన్‌లో మూడొంతులు మన దేశపు బార్లీ, పావు వంతు స్కాట్లాండ్ నుంచి తెచ్చిన పొగ బార్లీ. 2010 విస్కీ బైబిల్‌లో విస్కీ విమర్శకుడు జిమ్ ముర్రే దీనికి 97 మార్కులు వేసి, ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. ఇదీ ఒక అంకే, కాకపోతే ఇది తాగి వేసింది.

నా గ్లాసులో పడ్డ ఆక్టోమోర్ 10.1 విడతది: 107 పీపీఎం, 59.8 శాతం ఆల్కహాల్, వయసు అయిదేళ్లు. నీట్‌గా తీసుకుంటే మొదటి గుక్కలో టింక్చర్ అయోడిన్, కాలిన తాడు తప్ప ఏమీ తెలియదు. నాలుగు చుక్కలు నీళ్లు వేసి కాసేపు వదిలేస్తే పొగ పక్కకు జరుగుతుంది. కింద నుంచి నిమ్మతొక్క, సన్నని ఉప్పదనం, ఆ వెనక పచ్చి బార్లీ తీపి వస్తాయి. ఆ తీపి దగ్గరే దీని పనితనం తెలుస్తుంది. అంకె గురించి అంత అరవకుండా దీని గురించి చెప్పుకోవాల్సింది.

ఫ్యూజన్‌లో వరస తిరగబడుతుంది. ముందు నారింజ, వెనీలా. మింగాక, నిప్పుల మీద కాల్చిన మక్కకంకి వాసనలా పొగ నెమ్మదిగా పైకొస్తుంది. 50 శాతమే కాబట్టి నీళ్ల అవసరం తక్కువ. లోపం చివర్లో ఉంది. పీపా చెక్క వగరు నాలుక మీద కాస్త ఎక్కువసేపే నిలుస్తుంది. బెంగళూరు వేడికి పీపాల్లోంచి ఏటా పది శాతానికి పైగా ఆవిరైపోతుంది, స్కాట్లాండ్‌లో రెండు శాతం. అక్కడ ఏళ్లు పట్టే చెక్క పని ఇక్కడ త్వరగా అయిపోతుంది, కొన్నిసార్లు మరీ త్వరగా. ఫ్యూజన్ లేబుల్ మీద వయసు వేయరు. నిజానికి రెండూ పిల్ల విస్కీలే. ఒకటి తన లేతదనాన్ని పొగ చాటున దాచుకుంటే, రెండోది ఎండ చాటున దాచుకుంది.

(మన వైన్ షాపుల్లో విస్కీ పేరుతో ఎక్కువగా అమ్ముడుపోయేదాంట్లో చాలా భాగం మొలాసిస్ స్పిరిటే. యూరప్‌లో దాన్ని విస్కీ అననివ్వరు. చక్కెర మిల్లులున్న సంగారెడ్డి జిల్లాకు మొలాసిస్ గురించి ఒకరు చెప్పక్కర్లేదు.)

తిండి పక్కన పెడితే తీర్పు మారింది. బోటి ఫ్రై కారానికి, కొవ్వుకు ఫ్యూజన్ నారింజ నిలవలేదు, పూర్తిగా మాయమైంది. ఆక్టోమోర్ మాత్రం కొవ్వును కోసుకుంటూ పోయింది. వట్టి పల్లీలతో అయితే ఫ్యూజన్‌దే పైచేయి.

ఆక్టోమోర్ ఇక్కడికి చేరేది ఎక్కువగా విదేశాల నుంచి వచ్చి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగే మన పిల్లల సూట్‌కేసుల్లో, మనిషికి రెండు లీటర్ల హద్దులో. కాబట్టి దాన్ని పంచుకోవడమే గాని రోజూ తాగడం ఉండదు. నాకు అదొక్క పెగ్గు చాలు, రెండోది అడగను. ఫ్యూజన్ అయితే రెండోది కూడా అడుగుతాను. కానీ అందులో సోడా పోస్తే ఊరుకోను.