సూదిమొనంత జిగురు

బాల్సా కర్రతో కట్టిన చిన్న విమానం పనితనం తెలియాలంటే దాని రంగులు కాదు, రెక్కను దీపానికి అడ్డంగా పట్టుకుని చూడాలి. పలచని టిష్యూ కాగితం చాటున రిబ్బులు పక్కటెముకల్లా వరసగా కనిపిస్తాయి. రిబ్బు ముందంచు కర్రను తాకిన చోట ముద్దలా మచ్చ ఉంటే అక్కడ జిగురు పేరుకుందన్నమాట. మచ్చ లేకుండా, కర్రలోంచి కర్ర మొలిచినట్టుంటే అది చేయి తిరిగినవాడి పని. ఆ శుభ్రమైన అతుకు చూడముచ్చటగా ఉండటమే కాదు, కట్టినవాడి ఊపిరితిత్తులనూ కాపాడుతుంది.

బుల్లి విమానాలు కట్టే కళ వయసు నూట యాభై ఏళ్లు దాటింది. 1871లో పారిస్‌లోని తుయిలరీ తోటలో అల్ఫోన్స్ పెనో రబ్బరు పురితో నడిచే బుల్లి విమానాన్ని 11 సెకన్లపాటు ఎగరేశాడు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1926లో మొదలైన గిల్లోస్ సంస్థ బాల్సా పుల్లలు, కాగితంతో కట్టుకునే కిట్లకు పేరు తెచ్చుకుంది. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. మోడళ్లకు వాడే రకం ఘనపు మీటరుకు సుమారు 100 నుంచి 200 కిలోలే తూగుతుంది. అంటే నీటి బరువులో అయిదో వంతుకు మించదు. ఇంత తేలికైన కర్ర మీద జిగురు బరువు కూడా లెక్కలోకి వస్తుంది. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే, తూకం సరిచేయడానికి ముక్కులో రెండు మూడు గ్రాములు పెట్టాల్సి వస్తుంది.

అందుకే మంచి పనివాడు జిగురు మూత తీయడానికి ముందే సగం పని ముగిస్తాడు. మెత్తటి చెక్క మీద ప్లాను పరిచి, పైన మైనపు కాగితం వేసి, కర్రలను గుండుసూదుల మధ్య నిలబెడతాడు. రిబ్బును కొత్త బ్లేడుతో కావలసినదానికన్నా వెంట్రుకవాసి పొడవుగా కోసి, గరుకు కాగితం మీద రెండు మూడుసార్లు రుద్ది, మళ్లీ పెట్టి చూస్తాడు. జిగురు లేకుండానే అది తన చోట తాను నిలవాలి. వదులైతే లోపలికి జారిపోతుంది, బిగుతైతే కర్రను వంచుతుంది. రెండూ కాని ఆ కొలత చేతికి అలవాటు కావడానికి చాలా రెక్కలు కట్టాలి.

తరవాతే జిగురు. కోసిన బాల్సా కొస గడ్డిపరకల కట్టలా ఉంటుంది, తడి తగిలితే పీల్చేస్తుంది. అందుకని ముందు కొసకు పలచని పూత పూసి ఆరనిస్తారు. రెండోసారి సూదిమొనతో చుక్క పెట్టి అతికిస్తారు. ఖాళీని జిగురుతో పూడ్చడం ఈ పనిలో తప్పు. ఖాళీ ఉంటే రిబ్బును మళ్లీ కోయాలి.

ఇక ఊపిరి సంగతి. బాల్సా సిమెంటు అనే పాత జిగురులో ద్రావకం ఆవిరైపోతేనే అతుకు గట్టిపడుతుంది. ప్లాస్టిక్ కిట్ల సిమెంటుదీ అదే దారి. అది పాలిస్టైరీన్‌ను కొద్దిగా కరిగించి కలిపి, తాను ఎగిరిపోతుంది. ఎగిరిన ద్రావకమంతా గదిలోనే ఉంటుంది. టోలుయీన్ ఉన్న రకాల ఆవిరి తలనొప్పి, మత్తు, తలతిరుగుడు తెస్తుంది. కొంతసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియడం మానేస్తుంది కనుక, వాసన తగ్గింది, ముప్పు తప్పింది అనుకోకూడదు.

ఇంటింటా ఉండే ఫెవిక్విక్ జాతి సైనోఅక్రిలేట్ దారి వేరు. ద్రావకం పోవడం వల్ల కాదు, తడి తగలడం వల్ల అది గట్టిపడుతుంది. గట్టిపడేలోపు ఎగిరిన ఆవిరికీ తడే కావాలి, ఆ తడి మన కళ్లలోనూ ముక్కులోనూ ఉంది. అందుకే కళ్లు మండుతాయి. ఏళ్ల తరబడి పీల్చితే కొందరిలో ఉబ్బసం మొదలవుతుంది. జిగురు ఎక్కువ పోసిన మోడల్‌లో కాక్‌పిట్ అద్దం మీద తెల్లటి మసక కమ్ముతుంది, అది ఆ ఆవిరే. వేలిముద్రలను బయటికి తేవడానికి పోలీసులు వాడే ఆవిరీ అదే. ఎనిమిది గంటల పనికి సగటున పది లక్షల భాగాల గాలిలో టోలుయీన్ 20 భాగాలు, ఇథైల్ సైనోఅక్రిలేట్ 0.2 భాగం దాటకూడదని అమెరికాలోని ఏసీజీఐహెచ్ అనే పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించింది. రెండో అంకె ఎంత చిన్నదో గమనించండి.

విమానాల చరిత్ర ఈ పాఠాన్ని ప్రాణాలు తీసి నేర్పింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో నిజమైన విమానాల రెక్కల గుడ్డకు పూసిన డోప్ అనే లేపనంలో టెట్రాక్లోరోఈథేన్ ఉండేది. దాని ఆవిరి వల్ల పనివారికి కామెర్లు వచ్చి కొందరు చనిపోయారు. తరవాతి తరంలో అమెరికాలో పిల్లలు మోడల్ జిగురును కావాలని పీల్చి పాడయ్యారు. దాన్ని ఆపడానికి 1969లో టెస్టర్స్ సంస్థ తన జిగురులో ఆవఘాటుకు కారణమైన నూనె కలిపింది. కొత్త ఆవకాయ జాడీ మూత తీసినప్పుడు ముక్కు అదిరే సంగతి మనకు తెలిసిందే కదా.

నేర్పరి బల్లను చూస్తే ఈ ఎరుకంతా కనిపిస్తుంది. గాలి పక్కనుంచి వచ్చి బల్ల మీదుగా కిటికీలోంచి బయటికి పోతుంది. ఏసీ గది తలుపులు మూసుకుని అతికించడు, ఎందుకంటే ఏసీ తిప్పేది లోపలి గాలినే. రిబ్బులకూ పుల్లలకూ తెల్లజిగురు వాడతాడు, ఆరేటప్పుడు దాన్నుంచి పోయేది ముఖ్యంగా నీరే. సైనోఅక్రిలేట్‌ను అవసరమైన చోట చుక్కగా పెడతాడు, మొహం పక్కకు తిప్పి పెడతాడు. అది ఒలికితే నూలుగుడ్డతో తుడవడు. నూలు తగిలితే చర్మాన్ని కాల్చేంత వేడి, ఘాటైన పొగ పుడతాయి. బాల్సా పొడికి ఎన్95 మాస్కు పెట్టుకుంటాడు గాని, దాన్ని ఆవిరికి అడ్డమనుకోడు. ఆవిరిని పట్టేది క్రియాశీల బొగ్గు నింపిన డబ్బాల మాస్కు. ఎపాక్సీకి నైట్రైల్ తొడుగులు వేసుకుంటాడు, ఎందుకంటే అది చర్మానికి ఒకసారి పడకుండా పోతే ఇక ఎప్పుడూ పడదు.

సంక్రాంతికి అన్నం మెతుకులతోనో మైదా జిగురుతోనో గాలిపటం అతికించిన చేతులు మనవి. ఎగిరేదానికి జిగురు ఎంత తక్కువైతే అంత మంచిదని మనకు చిన్నప్పుడే తెలుసు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్పే గురువులకూ, పిల్లలకు కిట్టు కొనిచ్చే తల్లిదండ్రులకూ నా విన్నపం ఒక్కటే. కిట్టుతో పాటు కిటికీ దగ్గర ఒక బల్ల ఇవ్వండి, జిగురు సీసాకన్నా ముందు పదునైన బ్లేడూ గరుకు కాగితమూ మీరు దగ్గరుండి చేతికివ్వండి. అతుకు అతికినట్టు కుదిరితే సూదిమొనంత జిగురు చాలు. విమానం తేలిగ్గా ఎగురుతుంది, కట్టిన పిల్లవాడు తేలిగ్గా ఊపిరి తీసుకుంటాడు.