బారువడ్డీ ప్రోగ్రాములో లోపించినదేమి?

కంప్యూటరు పాఠములు ప్రారంభించిన విద్యార్థి తొలుత వ్రాయు ప్రోగ్రాములు దాదాపు అన్ని పుస్తకములలోను ఒక్క తీరుగనే ఉండును. తెరపై ఒక ప్రశ్న కనబడును. ఎదుట కూర్చున్నవాడు ఒక సంఖ్య నిచ్చును. యంత్రము దానిని సూత్రములో వేసి ఫలితమును చూపును. బారువడ్డీ, మార్కుల సగటు, వృత్త వైశాల్యము, ఫారన్‌హీటు డిగ్రీలను సెంటీగ్రేడులోనికి మార్చుట, ఇవియే ఉదాహరణలు. పది పంక్తులకు మించని ఈ ప్రోగ్రాములలో సూత్రమునకు దక్కిన గౌరవము, సంఖ్యను స్వీకరించు ఘట్టమునకు దక్కుట లేదు.

బారువడ్డీనే తీసికొందము. అసలు, కాలము, రేటు అను మూడింటిని అడిగి, గుణించి, నూటితో భాగింపుమని పుస్తకము చెప్పును. 10,000 రూపాయలు, 3 సంవత్సరములు, రేటు 2 అని ఇచ్చినచో వడ్డీ 600 రూపాయలని వచ్చును. కాని మన పల్లెలలో నూటికి రెండు వడ్డీ యనగా నెలకు నూటికి రెండు రూపాయలు. ఆ లెక్కన మూడేండ్లకు కట్టవలసినది 7,200 రూపాయలు. గుణకారము తప్పలేదు, భాగహారము తప్పలేదు. రేటు ఎంత యని మాత్రమే అడిగి, ఏడాదికా నెలకా యని అడుగకపోవుటయే తప్పు. అప్పు చేసిన తండ్రికి కొడుకు ఈ ప్రోగ్రాముతో లెక్క చూపినచో ఏమగునో ఊహింపవచ్చును. ప్రశ్నను “సంవత్సరమునకు నూటికి ఎంత?” అని మార్చుటకు ఒక్క నిమిషము చాలును. దానికి పరీక్షలో మార్కు లేదు కాబోలు, పుస్తకములు దానిని పట్టించుకొనుట అరుదు.

పైథాన్ భాషలో చిక్కు వేరు. 2008లో వెలువడిన ఆ భాష మూడవ రూపములో, ఇన్‌పుట్ అను ప్రమేయము మనము మీటలపై కొట్టినదానిని సంఖ్యగా గాక అక్షరముల వరుసగా అందించును. 12, 30 ఇచ్చి కూడుమన్నచో 42 రాదు. రెండు వరుసలును ప్రక్కప్రక్కన చేరి 1230 అగును. ఆ రెంటినే గుణింపుమన్నచో యంత్రము మొరాయించి తప్పును ఎత్తిచూపును. విద్యార్థి రెండవదానికి భయపడి, మొదటిదానిని చూచి సంతోషించును. నిజమునకు మొరాయించిన ప్రోగ్రామే మేలు. అది ఎవరిని మోసగింపలేదు. పుస్తకములు ఈ 1230ని చూపకయే, “ఇన్‌పుట్‌ను ఇంట్ అను దానిలో చుట్టుము” అని మంత్రమువలె ఉపదేశించుచున్నవి. రోగమును చూపక మందు మ్రింగించుట వంటిదే యిది. పైథాన్‌లో మనవారికి ముచ్చట గొలుపు సంగతి కూడ ఒకటి కలదు: ౧౨ అని తెలుగు అంకెలతో ఇచ్చినను ఇంట్ దానిని పండ్రెండుగనే గ్రహించును.

సి భాషలో పరిస్థితి మరింత విషమము. అచ్చట పూర్ణాంకమును చదువుటకు స్కాన్‌ఎఫ్‌ను వాడుదురు. లక్ష రూపాయలను మనము వ్రాయునట్లు 1,00,000 అని కొట్టినచో, అది 1 మాత్రమే గ్రహించి కామా యొద్ద ఆగిపోవును. అసలు ఒక్క రూపాయి అయినది! మిగిలిన ముక్క తరువాతి సంఖ్యను చదువుటకు అడ్డుపడగా, కాలము, రేటు అను చరరాశులకు విలువలే అందవు. ముందుగా విలువ నియ్యని చరరాశిలో ఏమున్నదో చెప్పలేము. అయినను ప్రోగ్రాము ఆగదు; ఏదో ఒక వడ్డీని ధీమాగా ప్రకటించును. ఎన్ని విలువలు సరిగా చదువబడినవో స్కాన్‌ఎఫ్ తానే తిరిగి తెలుపును. ఆ కబురును వినిపించుకొను ప్రోగ్రాము తొలి పాఠములలో కానవచ్చుట అరుదు. మైక్రోసాఫ్ట్ వారి పాత బేసిక్ ఈ విషయమున ఎంతో నయము. సంఖ్య నియ్యవలసిన చోట అక్షరములిచ్చినచో, మరల మొదటినుండి ఇమ్మని అదియే అడిగెడిది.

ఇట్టి ప్రోగ్రాములు నిజాయితీగా ఎట్లుండవలెనో తెలిసికొనుటకు కెర్నిహన్, రిచీ రచించిన సి భాషా గ్రంథము 1988 నాటి రెండవ కూర్పును చూడవలెను. అందలి ఉష్ణోగ్రతల పట్టిక 0 నుండి 300 ఫారన్‌హీటు డిగ్రీల వరకు ఇరువదేసి చొప్పున సాగును. అయిదును తొమ్మిదితో ముందే భాగించినచో పూర్ణాంకముల లెక్కలో సున్న వచ్చి, ఫలితములన్నియు సున్నలగును. కనుక ముందు అయిదుతో గుణించి, పిదప భాగించిరి. కారణమును విప్పి చెప్పిరి. అయినను 0 ఫారన్‌హీటునకు −17 వచ్చినది. సరియైన విలువ దాదాపు −17.8. ఈ లోపమును రచయితలు దాచలేదు. తామే ఎత్తిచూపి, దశాంశములతో తిరిగి వ్రాసిరి. అయితే ఆ ప్రోగ్రాము ఎవరిని ఏమియు అడుగదు. దాని సంఖ్యలు దానిలోనే ఉన్నవి. దానిని అనుకరించి విలువ నడుగు ప్రోగ్రాములను వ్రాసిన తరువాతివారు సూత్రమును తీసికొనిరి గాని, ఆ జాగ్రత్తను తీసికొనలేదు.

ప్రయోగశాల రికార్డులలో ప్రతి ప్రోగ్రాము క్రింద ఒకే ఫలితము వ్రాయించు ఆచారము ఈ లోపమును పెంచుచున్నది. ఆ ఒక్క విలువ కూడ తరచు పుస్తకములోనిదే. తరగతి యంతయు 600 అని వ్రాయును, అందరికిని పూర్తి మార్కులు. దాని క్రింద మరి మూడు వరుసలు గీయించినచో చాలును: చేతితో కట్టి సరిచూచుకొన్న లెక్క ఒకటి, సున్న ఇచ్చిన లెక్క ఒకటి, కామాతోనో అక్షరములతోనో ఇచ్చిన లెక్క ఒకటి. మార్కుల సగటు ప్రోగ్రామునకు పాఠ్యాంశముల సంఖ్య సున్న యని ఇచ్చి చూచిన విద్యార్థి, భాగహారమునకు ముందు ఒక షరతు ఏల వ్రాయవలెనో ఉపాధ్యాయుని అడుగకయే గ్రహించును.